రోగియు వైద్యుడును శ్రీమన్నారాయణుడును

వైద్యుడు సాక్షాత్తు నారాయణుడని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆసుపత్రి గోడలమీదను, మందుల దుకాణముల క్యాలెండర్లమీదను ఈ మాట వ్రాసియుండుట మనమందరము చూచినదే. అయితే అది యే శ్లోకములోనిదో, దాని పూర్వార్ధ మేమి చెప్పుచున్నదో విచారించువారు తక్కువ. దేహము శిథిలమై వ్యాధిచే పూర్తిగా ఆక్రమింపబడినప్పుడు ఇక గంగాజలమే మందు, శ్రీహరియే వైద్యుడు అనుట ఆ శ్లోకమునకు సహజమైన తాత్పర్యము. అనగా మానవప్రయత్నము ముగిసిన చోటును గూర్చి చెప్పిన మాట యది. దానిని మనము రెండు విధములుగా వాడుకొనుచున్నాము. వైద్యు డేది చేసినను దేవుడు చేసినట్లే యని కొందరు. దేవుడుండగా వైద్యు డెందుకని మరికొందరు. మొదటి వాడుక వినయమునకు చెందినది, పోనిండు. రెండవదాని వలన ప్రాణములు పోవుచున్నవి.

కృష్ణకు ఉత్తరముగా, మూసీకి ఇరుప్రక్కలనున్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతమును నిదర్శనముగా తీసికొందము. నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో వరి పండు నేల యిది. కృష్ణాతీరమున మట్టపల్లిలో శ్రీలక్ష్మీనృసింహస్వామి స్వయంభువై వెలసియున్నాడు. భరద్వాజ మహర్షి అర్చించిన మూర్తి యని స్థలపురాణము. మూసీ కృష్ణలో కలియు వాడపల్లిలోను నృసింహుడే. అక్కడ స్వామి ముఖమునకు సమీపమున నున్న దీపము కదలుచుండగా, క్రింది దీపము నిశ్చలముగా నుండును. స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసములకు అది గురుతని భక్తులు దర్శించి పులకింతురు. మట్టపల్లిలో పదకొండు దినములుండి, కృష్ణలో స్నానముచేసి, ముప్పదిరెండు ప్రదక్షిణముల చొప్పున చేయు దీక్ష ప్రసిద్ధమైనది. ఈ దీక్షకు వచ్చువారిలో ఆరోగ్యార్థులే యెక్కువ.

ఆ దీక్షాపరులలో ఒకరి సంచిని తెరచి చూచినచో మన చర్చకు కావలసిన దంతయు అందులోనే యుండును. పట్టణమున డాక్టరు వ్రాసియిచ్చిన మాత్ర లొక పొట్లము. హోమియో పంచదార గుళికల సీసా యొకటి. ఎవరో ఇచ్చిన చూర్ణ మొకటి. మోచేతికి కట్టిన వేరు. మెడలో రక్షరేకు. "ఇంగ్లీషు వైద్యము విడిచి నాటువైద్యమునకు పోవుచున్నారు" అని చదువుకొన్నవారు తరచు విమర్శింతురు. నేను చూచినంతలో ఏదియు విడిచి మరియొకదానికి పోవువారు అరుదు. అన్నింటిని ఒక్కసారే పట్టుకొందురు. ఒక వైద్యుని మందు సంగతి మరొక వైద్యునితో చెప్పరు. కీడు ఎక్కువగా ఈ దాపరికమునందే యున్నది.

ఎందు కిట్లు చేయుదురు? అజ్ఞానమనుట తేలిక. నిజమైన కారణములు వేరు.

ధనము మొదటిది. 2007 నుండి ఆరోగ్యశ్రీ పథకమున్నది. తెలంగాణలో 2023 డిసెంబరున దాని పరిమితి పది లక్షల రూపాయలకు పెరిగినది. సూర్యాపేటలో ప్రభుత్వ వైద్యకళాశాలయు 2019లో నేర్పడినది. కాని పథకము ప్రధానముగా ఆసుపత్రిలో చేరిన రోగికి. నెలనెల మాత్రలు కొనవలసిన కీళ్ళనొప్పులవానికి, ఉబ్బసపువానికి, మధుమేహికి ఖర్చు ఇంటినుండియే పోవును. ఇక భయము. మోకాలికి ఆపరేషను అనగానే గుండె జారిపోని వృద్ధు రాలెవరు? ఎముక విరిగినవారు దూరమైనను పుత్తూరు కట్టునకు పోవుట కత్తి భయముచేతనే. తిరుపతి యాత్రకు పోయినవారికి ఆ పుత్తూరు తెలియకపోదు. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్టణమున ఆనందయ్యగారి మందుకై వేలాది జనము బారులు తీరిరి. ఆక్సిజనునకును, ఆసుపత్రిలో పడకకును దేశమంతయు అలమటించిన దినములవి. ఆ బారులలో నిలిచినవారిని వెఱ్ఱివారనుటకు నాకు నోరు రాదు; వారికి మరియొక ద్వారము తెరచియుండలేదు.

అన్నింటికంటె బలమైన కారణము మరొకటి కలదు. రోగి తన మాట వినువానికొరకు వెదకుచున్నాడు. పెద్ద ఆసుపత్రిలో ఉదయమున చీటీ తీసికొని మధ్యాహ్నము వరకు కూర్చున్నవానికి డాక్టరు రెండు నిమిషములు దొరకును. ఆ రెండు నిమిషములును రిపోర్టులు చూచుటకే సరిపోవును. పల్లెలో ఆర్.ఎం.పి. డాక్టరు ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చుండును. హోమియో వైద్యుడు నిద్ర ఎట్లు పట్టుచున్నది, కలలేమి, చలి ఎక్కువా వేడి ఎక్కువా యని అరగంట అడుగును. మన తెలుగునాట హోమియోకు ఆదరము కొత్తది కాదు. హాస్యనటులు అల్లు రామలింగయ్యగారు హోమియో వైద్యులు గూడ. రాజమహేంద్రవరమందలి ప్రభుత్వ హోమియో కళాశాల వారి పేరు వహించియున్నది. 2015లో ఆస్ట్రేలియా దేశపు జాతీయ వైద్యపరిశోధన మండలి వందలకొలది పరిశీలనలను చూచి, హోమియో ఫలానా వ్యాధిని నయము చేయునని నమ్మదగిన సాక్ష్యము లేదని తేల్చినది. ఆ మాట నాకు తెలియును. ఆ అరగంట విలువయు నాకు తెలియును. ఆ అరగంటను పెద్ద వైద్యులు రోగికి ఈయలేకపోవుట చేతనే సీసాలోని గుళికకు అంత మహిమ వచ్చినది.

చరకుడు చికిత్సను మూడు విధములుగా విభజించెను. మంత్రము, మణి, జపము, ఉపవాసము, దేవతానమస్కారము మొదలగునవి దైవవ్యపాశ్రయము. ఆహారమును ఔషధమును యుక్తితో నియమించుట యుక్తివ్యపాశ్రయము. అహితములైన విషయములనుండి మనస్సును మరలించుట సత్త్వావజయము. మూడును శాస్త్రసమ్మతములే. మట్టపల్లి ప్రదక్షిణము మొదటిదానికి చెందును. పదకొండు దినములు చింతలు విడిచి నదీతీరమున నుండుట మూడవదానికిని చెందును. అయితే మొదటిది చేసినవాడు రెండవది మానవలెనని చరకు డెక్కడను చెప్పలేదు.

పసరు మందులను గూర్చియు ఆయన మాట వినదగినది. మేకల కాపరులును, గొల్లలును, వనచరులును ఓషధుల పేరును రూపమును ఎరుగుదురని ఆయన తన గ్రంథపు మొదటి అధ్యాయముననే ఆదరముతో ఒప్పుకొనెను. కాని పేరును రూపమును ఎరిగినంత మాత్రమున చాలదట. ఏ దేశమున, ఏ కాలమున, ఏ పురుషునికి, ఎంత మోతాదులో, దేనితో కలిపి ఈయవలెనో తెలిసినవాడే వైద్యుడు. తెలియక యిచ్చిన మందు విషముతోను, నిప్పుతోను, పిడుగుతోను సమానమని హెచ్చరించెను. ప్రాణమును నిలుపు వైద్యులు కొందరు, రోగమును పెంచు వైద్యులు కొందరని వారికి ప్రాణాభిసరులు, రోగాభిసరులు అని పేర్లు పెట్టెను. రోగాభిసరుని లక్షణములు చదువునప్పుడు, రోగమున్న యింటిని వెదకుకొని పోయి, తన గొప్పలు తానే చెప్పుకొని, నయము కానిచో నెపము రోగిమీదకు త్రోయు మనుష్యులు మన కండ్లయెదుట నడచినట్లుండును.

కామెర్ల సంగతి చూడుడు. మా ప్రాంతమున కామెర్లు వచ్చినచో ఆసుపత్రికంటె ముందు జ్ఞాపకము వచ్చునది పసరు. నేలయుసిరి నూరి మజ్జిగలో నిత్తురు. కొందరు కంటిలో పసరు పిండుదురు. కొందరు చేతిమీద వాత పెట్టుదురు. నూనె లేని చప్పిడి పథ్యము తప్పదు. చాలమందికి కొన్ని వారములలో తగ్గిపోవును. తగ్గినవారు అబద్ధము చెప్పుటలేదు. అయితే కలుషితమైన నీటివలన వచ్చు ఎ, ఇ రకముల కామెర్లు మందిచ్చినను ఈయకున్నను చాలమందికి వాటంతట అవియే తగ్గును. పేరు పసరునకు దక్కును. బి రకపు కామెర్లు అట్లు కావు. కొందరిలో అవి కాలేయమున దాగియుండి యేండ్ల తరువాత ప్రాణము తీయును. పిత్తనాళమున రాయి అడ్డుపడినను, వ్రణము పెరిగినను కన్ను పచ్చబడును; వానిని పసరు కరిగింపలేదు. ఇ రకపు కామెర్లు గర్భిణికి, అందును నెలలు నిండుచున్న గర్భిణికి, ప్రాణాంతకములు కావచ్చును. కన్ను పచ్చబడుట అందరికి నొక్కటే, కారణములు వేరువేరు. కారణము తెలిసికొనుటకు వైద్యపరీక్షలు తప్ప వేరు దారి లేదు. నేలయుసిరిని తేలికగా త్రోసివేయుటయు తగదు. 1988లో మద్రాసు పరిశోధకులు బి రకపు కామెర్లమీద అది పనిచేయునని బ్రిటనులోని పేరుగల వైద్యపత్రికలో ప్రకటింపగా లోకమంతయు దానివైపు చూచినది. తరువాత ఇతర దేశములలో చేసిన పరీక్షలు మాత్రము ఆ ఫలితమును సమర్థింపలేదు. మన మూలికను మనమే శాస్త్రీయముగా పరీక్షింపబూనుట మెచ్చదగినది. పరీక్షలో నిలువనిదానిని నిలిచినదనుట సత్యవ్రతులకు తగదు.

పాముకాటును గూర్చియు ఇదే న్యాయము. వరిపొలములలో తిరుగు పాములలో అనేకములు విషము లేనివి. విషసర్పము కరచినను ఒక్కొక్కప్పుడు విషము దేహములోనికి ఎక్కదు. అట్టివాడు మంత్రము వేయించుకొని లేచి కూర్చుండును, మంత్రగాని పేరు పది ఊళ్ళకు ప్రాకును. కట్లపాము కరచినవాడు అదే మంత్రగాని వాకిట శ్వాస యాడక పోవును; అతని కథ చెప్పువా రుండరు. పిచ్చికుక్క కాటునకు పసరు త్రాగి టీకా మానినవానికి రోగలక్షణములు పుట్టిన తరువాత ఇంచుమించు చికిత్సయే లేదు.

ఇంతమాత్రమున మన వైద్యము వ్యర్థమని భావింపరాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము నెన్నిసార్లు తలచుకొన్నను తృప్తి తీరదు. గ్రహణి వ్యాధితో ఆయన సోదరు లిద్దరు స్వల్పకాలములో మరణించిరి. ఆయనకును అదే వ్యాధి వచ్చినది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారు ఆయుర్వేద చికిత్స చేసి కాపాడిరి. లక్ష్మీపతిగారు ఆధునిక వైద్యపట్టము పొందియు ఆయుర్వేదము నభ్యసించిన మహనీయులు. కోలుకొన్న సుబ్బారావుగారు అక్కడి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించిరి. ఆ మందు తనను బ్రతికించినదని సంతోషించి ఊరకుండలేదు. ఎందుకు బ్రతికించినదో తెలిసికొనవలెననిపించినది. 1923లో అమెరికా చేరిరి. 1945లో ఆయన నాయకత్వమున పరిశోధకులు ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. తన సోదరులను బలిగొన్న గ్రహణికి అది ఔషధమైనది. నేడు గర్భిణీ స్త్రీలకు మన ఆసుపత్రులలో నిచ్చు మాత్రలలో నుండునది ఆ వస్తువే. ఆయుర్వేదము బ్రతికించిన దేహము ఆధునిక వైద్యమునకు చేసిన సేవ యిది. ఇందులో ఏ పద్ధతి గెలిచినదని వాదింతురు?

మరియొకటి గూడ చెప్పవలెను. ఆయుర్వేదమని సీసామీద వ్రాసినంత మాత్రమున అది ఋషిప్రోక్తము కాదు. రసౌషధములను శోధన, మారణ సంస్కారములు సరిగా చేయక అమ్మువారున్నారు. ఇంటర్నెట్టు ద్వారా అమ్మబడు 193 ఆయుర్వేద ఔషధములను అమెరికా పరిశోధకులు పరీక్షింపగా సుమారు ఐదవవంతులో సీసమో, పాదరసమో, పాషాణమో కనబడినట్లు 2008లో ప్రకటించిరి. కీళ్ళనొప్పులకు ఒక్క రాత్రిలో ఉపశమనమిచ్చు పేరులేని చూర్ణమునందు స్టెరాయిడు కలిపియుండుటయు కలదు. పేరు చెప్పని మందు, చీటీ ఈయని వైద్యుడు, "డాక్టరుతో చెప్పకండి" యను షరతు — ఈ మూడింటిలో ఏ యొక్కటి కనబడినను ఆ గడప దిగి వచ్చుట మేలు.

ఇక అసలు విషయము. కొంతకాలము క్రిందట మిర్యాలగూడనుండి ఒక కుటుంబము నాయొద్దకు వచ్చినది. పదకొండేండ్ల బాలిక, పిల్లలకు వచ్చు జాతి మధుమేహము. దినమునకు నాలుగుసార్లు ఇన్సులిన్ సూది. మట్టపల్లి దీక్షకు ముహూర్తము అడుగవచ్చిరి. తల్లి మాటాడలేదు. నాయనమ్మ యడిగినది: "అయ్యగారూ, ఆ పదకొండు రోజులు సూది మానిపిద్దామనుకుంటున్నం. నమ్మకం ఉన్నదో లేదో స్వామి చూస్తడు గదా? ప్రహ్లాదుణ్ణి కాపాడిన స్వామి నా మనవరాలిని కాపాడడా?"

ఆమె కండ్లలో కపటము లేదు. దినమునకు నాలుగుసార్లు పసిబిడ్డ గ్రుచ్చుకొనుట చూడలేని ప్రేమయే ఆ ప్రశ్నను అడిగించినది. నేనిట్లంటిని. "తల్లీ, ప్రహ్లాదుడు అగ్నిలో తానై దూకలేదు. కొండమీదినుండి తానై దుముకలేదు. విషము తానై అడిగి త్రాగలేదు. స్వామి ఉన్నాడో లేడో చూతమని పరీక్ష పెట్టినది హిరణ్యకశిపుడు. ఈ స్తంభములో నున్నాడా యని అడిగినవాడును అతడే. నీవు సూది మానిపించినచో ప్రహ్లాదుని స్థానమున నీ మనుమరాలుండును, నిజమే. మరి నీ వెవరి స్థానమున నిలుతువు?"

ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత సుశ్రుతుని మాట చెప్పితిని. ప్రమేహము పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యమువలన వచ్చునది మరియొకటి. మొదటివారు కృశించియుందురు, రెండవవారు స్థూలులై యుందురు. ఇద్దరికి చికిత్స ఒక్కటి కాదని ఆయన వేరుపరచెను. పెద్దలకు వచ్చు మధుమేహములో పథ్యముతోను, నడకతోను కొంత అదుపు కలదు. ఈ బాలికకు ఇన్సులిన్ మందు కాదు, అన్నము వంటిది. 1922లో మొదటిసారి అది మనుష్యునికి ఇయ్యబడక పూర్వము ఇట్టి పిల్లలు బ్రతికి బట్టకట్టుట లేదు. మానినచో పదకొండు దినములు దాటునో లేదో! సూదితోనే దీక్ష జరిగినది. ఉపవాసము మాత్రము వలదని డాక్టరు చెప్పగా మానిరి. తడి ఇసుకలో నుంచిన మట్టికుండలో మందుసీసాలు పెట్టుకొని, ప్రదక్షిణముల నడుమ కూర్చుండి బాలిక తన సూది తానే వేసికొనుచుండెనట.

మందు తినుట ప్రపత్తికి లోపము కాదా యని కొందరు వైష్ణవులకు శంక. మన సిద్ధాంతమున ఈ దేహము భగవంతుని సొత్తు, మనము శేషభూతులము. యజమాని సొత్తును పాడుచేసి, నీ మీద నమ్మకముచేత పాడుచేసితినని చెప్పు సేవకుని ఎవరు మెత్తురు? కూరేశులు నేత్రములు పోగొట్టుకొన్నవారు. వరదరాజును చూపు కోరుమని భగవద్రామానుజులే ఆజ్ఞాపింపగా, స్వామి యెదుట నిలిచి, తన కండ్లు పోవుటకు కారణమైన నాలూరానునికి మోక్షము కోరిరి. అంతటి నిరపేక్ష మనకు లేదు. వాతరోగముతో బాధపడిన మేల్పత్తూరు నారాయణభట్టతిరి గురువాయూరప్పని సన్నిధిలో ఆరోగ్యమును కోరియే నారాయణీయము రచించిరి. అడిగినవారిని స్వామి ఆదరించెను, అడుగనివారిని ఆదరించెను. నృసింహుని సన్నిధిలో నిలిచి మోకాలినొప్పి తగ్గింపుమని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఆలయమునకును వైద్యమునకును వైరమున్నదని తలచువారు కాంచీపుర ప్రాంతమున తిరుముక్కూడలు చూచి రావలెను. పాలారు, వేగవతి, చెయ్యారు మూడును కలియుచోట వెంకటేశ పెరుమాళ్ళ ఆలయమున్నది. పదకొండవ శతాబ్దమున వీరరాజేంద్రచోళుని కాలమునాటి శాసనము ఆ గోడమీద నున్నది. అందు ఆలయమునకు చెందిన వేదపాఠశాలతోబాటు పదునైదు పడకల ఆసుపత్రి వర్ణింపబడినది. తెలుగుదేశమున మందడము చేరువ మల్కాపురమునందు 1261 నాటి శాసనము ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను పేర్కొనుచున్నది. అది శైవమఠమునకు చెందినది, దయకు శాఖాభేదము లేదు. తిరుముక్కూడలి శాసనములో ఒక్కొక్క ఉద్యోగికి జీతము నిర్ణయించిరి. వైద్యు డొకడు. శస్త్రచికిత్సకు వేరొకడు. మూలికలును కట్టెలును తెచ్చి మందు కాచుటకు ఇద్దరు. రోగులకు పరిచర్య చేయుటకు ఇద్దరు స్త్రీలు. క్షురకు డొకడు. నిలువయుంచవలసిన మందుల పేర్లును చెక్కించిరి: దశమూల హరీతకి, బిల్వాది ఘృతము, కల్యాణ లవణము మున్నగునవి. కత్తి పట్టువాడును, దశమూలము కాచువాడును ఒకే పెరుమాళ్ళ ధాన్యము తినుచు, ఒకే పైకప్పు క్రింద, ఆ పదునైదు పడకల నడుమ తిరుగుచుండిరి.